జడల కొట్లో రసాయనశాస్త్రం

నస్సూనా మసాకా పట్నం హాస్టలు నుంచి ట్రంకుపెట్టెతో సహా తిరిగొచ్చిన రోజున, ఆ పిల్ల చదువు అటకెక్కినట్టేనని రేవులో అందరూ అనుకున్నారు. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు. నాకిగ్గా రేవులో పడవెక్కి పైచదువుకు వెళ్ళిన ఆడపిల్ల పెట్టెతో సహా దిగిందంటే దాని వెనక ఏదో ఒక కథ ఉంటుంది. ఆ కథ ఎప్పుడూ ఒకలాగే ముగుస్తుంది. గట్టుమీద చేపలు వేయించే నాలోంగో అయితే పెనం మీంచి తల కూడా ఎత్తకుండా, "ఎన్నో నెల?" అని అడిగేసింది. కవలల్ని కన్నది కాబట్టి ఆమెని అందరూ నాలోంగో అనే పిలుస్తారు. కవలల తల్లికి రేవులో అడగకూడని ప్రశ్నంటూ లేదు.

"టైఫాయిడ్," అన్నాడు పెట్టె భుజాన వేసుకుని పడవ దిగుతున్న లుబ్వామా. "నెలలు కాదు, వారాలు. నీ నూనె మాడుతోంది, చూసుకో."

లుబ్వామా నస్సూనా తండ్రి. పెద్ద సరస్సులోని సెసే దీవుల మధ్య ఇంజను పడవ నడుపుతాడు. కూతురికి టైఫాయిడ్ వచ్చిన మాట నిజమే, సగం టర్ము మంచానికే పోయిన మాటా నిజమే. కానీ ఆ పిల్ల తిరిగి రావడానికి అసలు కారణం అది కాదని తల్లి నాంటోంగోకి మొదటి రాత్రే తెలిసిపోయింది.

హాస్టల్లో నస్సూనా తరగతిలో వందమందికి పైగా పిల్లలు. ఆలస్యంగా చేరింది కనుక ఆఖరి బెంచీ. అక్కణ్ణుంచి బోర్డు మీది అక్షరాలు చీమల బారులా కనిపించేవి. మొదట్లో ఒకరోజు ధైర్యం చేసి లేచి నిలబడి ఒక ప్రశ్న అడిగింది. దీవుల యాస. ముందు బెంచీలో కిజ్జా అనే కుర్రాడు వెనక్కి తిరిగి, "ఒరేయ్, చేపపిల్ల మాట్లాడుతోందిరా!" అన్నాడు. తరగతి తరగతంతా గొల్లుమంది. ఆ రోజు మూతపడిన నోరు మళ్ళీ తెరుచుకోలేదు. జ్వరం తగ్గి తరగతిలోకి వెళ్ళేసరికి పాఠాలు ఆమెను దాటి ఎంతో దూరం వెళ్ళిపోయాయి. ఆగమని అడగడానికి నోరు లేదు.

"అక్కడ కూచోవడం, ఇక్కడ కూచోవడం ఒకటేనమ్మా," అంది నస్సూనా. "ఇక్కడైతే కనీసం నీకు చేపలైనా ఆరబెట్టిపెడతా."

ఆ యేడే ఆ బడివాళ్ళు కొత్త పద్ధతి మొదలుపెట్టారు. దీవుల్లో ఉండే పిల్లలు ఇంటినుంచే ఫోన్లో తరగతికి హాజరు కావచ్చు. చెప్పిన పాఠం మళ్ళీ చూసుకోవడానికి అందులోనే భద్రంగా ఉంటుంది. ప్రయోగాలకీ పరీక్షలకీ మాత్రం టర్ము చివర బడికి రావాలి. నస్సూనాని హాస్టలు ఖాళీ చేయించేటప్పుడు హెడ్‌మిస్ట్రెస్ స్వయంగా లుబ్వామాకి ఈ సంగతి చెప్పింది. ఆయన తల ఊపి వచ్చాడు గానీ ఒక్క ముక్క నమ్మలేదు.

"ఫోన్లో చదువేంటే?" అన్నాడు భార్యతో. "ఫోన్లో చూసిన చేపతో కడుపు నిండుతుందా?"

"ఫోన్లో ఫుట్‌బాల్ చూసి, గోలు నువ్వే కొట్టినట్టు ఇంటి కప్పు ఎగరేస్తావు గదా. అప్పుడెలా నిండింది?" అంది నాంటోంగో.

మర్నాడు లుబ్వామా తన ఫోను తీసుకుని సిగ్నలు కోసం వెతకడం మొదలుపెట్టాడు. వాళ్ళ ఇల్లు గుట్టకి అవతలి వైపు. ఇంట్లో లేదు, వాకిట్లో లేదు, అరటితోటలో లేదు. చివరికి పనసచెట్టు చిటారుకొమ్మ మీద దొరికింది. అక్కణ్ణుంచి ఆయన, "దొరికిందే! దొరికింది!" అని కేకలు పెడుతుంటే కింద నాంటోంగో నడుం మీద చేతులేసుకుని, "దిగు. నా కూతురు సీనియర్ త్రీ చదవాలి, కోతి కొమ్మచ్చి కాదు," అంది.

అప్పుడు రంగంలోకి దిగింది మేనత్త నాంబోజే.

అక్కడి వాళ్ళలో ఆడపిల్ల మీద తల్లికన్నా మేనత్తకే పెత్తనం ఎక్కువ. పిల్లకి బుద్ధులు చెప్పాలన్నా, పెళ్ళికి తయారుచేయాలన్నా ఆమే. నాంబోజే రేవులో జడల కొట్టు నడుపుతుంది. రేకుల గది, గోడమీద ఎవరి పోలికా లేని ముగ్గురు ఆడవాళ్ళ బొమ్మలు, లోపల ఒక పెద్ద అద్దం, కప్పు మీద సోలార్ పలక. ఎదురుగా గుట్టమీద టవరు. కొట్లో నిలబడితే సిగ్నలు నెత్తిమీదే ఉన్నట్టు లెక్క.

"దాన్ని రేపు పెళ్ళికి సిద్ధం చెయ్యాల్సింది నేనేగా," అంది తమ్ముడితో. "పరీక్షకి సిద్ధం చెయ్యలేనా? తెల్లారగానే పంపించు. అద్దం పక్కన బల్ల వేస్తాను."

తరగతి నడుస్తున్నంతసేపు కొట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదని నాంబోజే నియమం పెట్టింది. జడలు అల్లించుకోవడమంటే పూట పూటంతా కూచోవాల్సిన పని. ఆ కూచున్నంతసేపు మాట్లాడకుండా ఉండటం రేవు చరిత్రలో లేదు. మొదటి రెండు రోజులు ఆడవాళ్ళు బిక్కచచ్చిపోయి కూచున్నారు. మూడో రోజు సగం తల అల్లించుకున్న ఒకావిడ ఉండబట్టలేక, "ఏమే నస్సూనా, చెవుల్లో ఆ తీగలు పెట్టుకుని నీలో నువ్వే నవ్వుకుంటున్నావు. అంత నవ్వొచ్చేదేదో మాకూ వినిపించకూడదూ?" అంది.

"కెమిస్ట్రీ పిన్నీ. మీకు విసుగొస్తుంది."

"ఊరకే కూచోవడం కంటేనా?"

అలా నస్సూనా చెవుల తీగలు పీకేసింది. కొట్టంతా ముహుమూజా మాస్టారి గొంతుతో నిండిపోయింది. ఆయనది పడమటి వైపు కొండల ఊరు. మాట నిదానం, మధ్యమధ్య చిన్న నవ్వు. నాలోంగో పెనం ఆర్పేసి మరీ వచ్చి గుమ్మంలో కూచునేది.

"గొంతు బాగుంది. పెళ్ళయిందా ఈయనకి?" అని అడిగింది మొదటి రోజే.

"అత్తా! మైకు ఆపి ఉంది కాబట్టి సరిపోయింది," అంది నస్సూనా తల పట్టుకుని.

నిజానికి ఆ మైకు ఎప్పుడూ ఆపే ఉండేది. కెమెరా కూడా అంతే. తరగతిలో పిల్లలంతా చిన్నచిన్న గళ్ళలో కనిపిస్తుంటే నస్సూనా గడిలో పేరొక్కటే కనిపించేది. ప్రశ్న ఏదైనా ఉంటే రాసి పంపేది. రాతకి యాస ఉండదు, నవ్వేవాళ్ళూ ఉండరు. మాస్టారు చదివి, "నస్సూనా మంచి ప్రశ్న అడిగింది," అనేవాడు. ఆ మాట వినిపించినప్పుడల్లా కొట్లో ఆడవాళ్ళు తమనే మెచ్చుకున్నట్టు ఒకరినొకరు చూసుకునేవారు.

తప్పిపోయిన పాఠాలన్నీ ఫోన్లో ఉన్నాయి. సాయంత్రాలు కొట్టు పలచబడ్డాక నస్సూనా వాటిని మొదటినుంచి అందుకుంది. అర్థం కానిచోట వేలితో ఆపేది, వెనక్కి తిప్పేది. మాస్టారు అదే మాటని అదే నవ్వుతో మళ్ళీ చెప్పేవాడు. మూడోసారీ విసుక్కోలేదు, నాలుగోసారీ విసుక్కోలేదు. తనకి మందబుద్ధి అని ఆ పిల్ల ఇన్నాళ్ళూ లోలోపల నమ్మింది. మందబుద్ధి కాదు, ఒకటికి రెండుసార్లు వింటే పట్టుబడే బుద్ధి అని ఇప్పుడు తెలిసొచ్చింది. అలా తెలిసిన రోజు ఇంటికి వెళ్తూ గుట్టమీద ఒక్కతే గట్టిగా పాడుకుంది.

అత్త ప్రశ్నలు ఇంకో చదువు. "ఆ మోలు మోలు అంటాడేంటే పొద్దస్తమానం?" అనేది అల్లుతూ అల్లుతూ.

"కట్ట లాంటిది అత్తా. నువ్వు సవరాలు ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టి కొనవుగా, కట్టల్లో కొంటావు. అణువులు మరీ చిన్నవి కాబట్టి వాటిక్కూడా ఒక కట్ట పెట్టుకున్నారు."

"ఆ మాట ముందే చెప్పి చావొచ్చుగా ఆయన!"

అత్తకి అర్థమయ్యేలా చెప్పగలిగిందేదైనా పరీక్షలో రాయగలనని నస్సూనాకి నమ్మకం కుదిరింది. అప్పటినుంచి రోజూ కొట్టు మూసే ముందు ఆనాటి పాఠం అత్తకి అప్పజెప్పేది.

ఒక వారం ముహుమూజా మాస్టారు ఇంటిపని ఇచ్చాడు. మందారపూలు మరిగించి ఆ రసంతో ఇంట్లో ఉన్న వస్తువుల్ని పరీక్షించాలి. కలిపినప్పుడు రసం ఎర్రగా మారితే ఆమ్లం, ఆకుపచ్చబడితే క్షారం, పసుపుదాకా పోతే గట్టి క్షారం. మిగతా పిల్లలు సబ్బు, పాలు, బూడిదనీళ్ళు చూశారు. నస్సూనాకి కొట్టు కొట్టంతా ప్రయోగశాలే. గ్లాసులన్నీ వరసగా పెట్టి, అత్త సీసాలూ డబ్బాలూ ఒక్కొక్కటే తెరిచింది. షాంపూకి రసం కదిలీ కదలనట్టుంది. నిమ్మరసానికి ఎర్రబడింది. జుట్టు సాపు చేసే తెల్ల క్రీము చెంచా కొస మీద కొంచెం తీసి కలిపిందో లేదో, గ్లాసు ఆకుపచ్చగా మారి, చూస్తుండగానే పసుపురంగుకి తిరిగింది.

"అబ్బ! ఎంత బావుందో," అంది నాలోంగో.

"బావుండటం కాదు. ఇదే అన్నిటికన్నా గట్టి క్షారం," అంది నస్సూనా. "దీన్నే నెత్తికి రాస్తున్నావా అత్తా?"

"నా చేతులు చూడు, ఏమైనా అయ్యాయా? అందం కావాలంటే కాస్త మంట ఓర్చుకోవాలి," అని అత్త డబ్బా మూత బిగించేసింది.

ఇది జరిగిన కొన్నాళ్ళకి ఒక గురువారం నాలుబేగా కొట్టుకి వచ్చింది. ఎండుచేపల వ్యాపారం చేసే వాళ్ళమ్మాయి. నవ్విందంటే అవతలి గట్టుకి వినిపిస్తుంది. తల్లికి జబ్బు చేసినప్పుడు సీనియర్ టూలో బడి మానేసి చేపల గంప ఎత్తుకుంది. ఆ శనివారం ఆమెకి క్వాంజులా. పెళ్ళికొడుకు తరఫు పెద్దలు కానుకలతో పిల్లింటికి వచ్చి తామెవరో చెప్పుకుని పిల్లనడిగే వేడుక. పెళ్ళికొడుకు సెమాండా పడవలు చేసే వడ్రంగి.

"నాంబోజే అత్తా, వాళ్ళత్తలు నా తల చూసి కుళ్ళిపోవాలి. జుట్టు భుజాల మీద పారాలి," అంది కుర్చీలో కూచుంటూ.

నాంబోజే మెడ చుట్టూ గుడ్డ కట్టి, క్రీము నుదుటి అంచుదాకా దట్టంగా పట్టించింది. పక్క బల్ల దగ్గర నస్సూనా తరగతి నడుస్తోంది. నాలోంగో గుమ్మంలో ఉంది. ఇంకా ఇద్దరు, ఒకావిడ సగం అల్లిన తలతో, వాళ్ళ వంతు కోసం కూచున్నారు.

అప్పుడు నాలుబేగా ఫోను మోగింది. సెమాండా. గుడ్డ కిందనుంచి చెయ్యి బయటికి తీసి, వద్దు వద్దని అత్త అంటున్నా వినకుండా ఫోను చెవికి ఆనించింది. క్రీము ఫోనుకంటింది, ఫోను మీంచి వేళ్ళకంటింది. అవతల ఆయన ఏం చెప్పాడో గానీ నాలుబేగా పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళని అదే చేత్తో తుడుచుకుంది.

మరుక్షణం ఆమె పెట్టిన కేకకి గట్టుమీది కొంగలు లేచిపోయాయి.

"కన్ను! నా కన్ను!"

నాంబోజే చేతులాడక అటూ ఇటూ తిరిగింది. నాలోంగో మాత్రం ఒక్క పరుగున తన బండి దగ్గరికెళ్ళి నిమ్మచెక్క పట్టుకుని వచ్చింది. "పట్టుకోండి దీన్ని! మంటకి పులుపే విరుగుడు. రెప్ప తెరవండి, పిండేస్తాను!"

నస్సూనా కళ్ళ ముందు పసుపురంగుకి తిరిగిన గ్లాసు మెదిలింది. దాని వెంటే ఇంకో పాఠం. మాస్టారు పరీక్షనాళికలో గట్టి క్షారంలో ఆమ్లం పోసి, గాజు ఎంత వేడెక్కిందో చూడమని ఉష్ణమాపకం చూపించాడు. ఆ వేడి కంట్లో పుడితే? "వద్దు" అనబోయింది. అన్నా నాలోంగో వింటుందా? పదహారేళ్ళ పిల్ల మాట ఎవరు వింటారు? ఈ గదిలో ఆడవాళ్ళంతా నోరు మూసుకుని వినే గొంతు ఒక్కటే ఉంది.

నస్సూనా ఫోను లాక్కుని మైకు నొక్కింది.

"మాస్టారూ! కంట్లో క్షారం పడింది! నిమ్మరసం పిండుతున్నారు!"

ఫోన్లో పాఠం ఠక్కున ఆగింది. గళ్ళలో తలలన్నీ పైకి లేచాయి.

"ఎవరది?"

"నస్సూనా! నాకిగ్గా నుంచి! జుట్టు సాపు చేసే క్రీము మాస్టారూ, కంట్లోకి పోయింది!"

"నిమ్మరసం ఆపండి!" అంత నిదానస్తుడూ అరిచాడు. ఆ గొంతు కొట్లో గంటలా మోగింది. "ఏ పులుపూ వద్దు. నీళ్ళు. శుభ్రమైన నీళ్ళు ధారగా పొయ్యండి. నేను చెప్పేదాకా ఆపొద్దు."

నాలోంగో చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "మాస్టారు వద్దన్నాడు," అంటూ నిమ్మచెక్కని కిటికీలోంచి బయటికి విసిరింది. అది పోయి గట్టుమీద పడుకున్న మేకకి తగిలింది.

కొట్టు వెనక వాననీళ్ళ తొట్టి ఉంది. సగం తల అల్లుకున్నావిడా, ఇంకా మొదలే పెట్టనావిడా డబ్బాలతో పరుగులు తీశారు. నాంబోజే పోస్తోంది. ఇంతలో ఒక గడిలోంచి సన్నటి గొంతు, "మాస్టారూ, మా అమ్మ నర్సు. ఇంట్లోనే ఉంది, పిలుస్తున్నా," అంది. ఆ పిల్ల పేరు ఇమ్మాక్యులేట్, ఇంకో దీవిలో ఉంటుంది. గడిలోకి తెల్ల బట్టల మనిషి వంగింది.

"అమ్మాయ్, కెమెరా పెట్టు. నాకు మొహం చూపించు."

ఇన్ని నెలల్లో నస్సూనా మొదటిసారి కెమెరా తెరిచింది. రేకుల గది, పగిలిన అద్దం అంచు, నీళ్ళోడుతున్న ఆడవాళ్ళు, మధ్యలో కేకలు పెడుతున్న పెళ్ళికూతురు, అన్నీ తరగతి తరగతంతా చూసింది.

"తల పక్కకి వంచండి. మంట ఉన్న కన్ను కిందికి ఉండాలి, లేకపోతే రెండోదాంట్లోకి కారుతుంది. అలాగే. రెప్ప వేళ్ళతో తెరిచిపట్టు. నలపనివ్వకు. తల మీది క్రీము ఒకళ్ళు తుడిచెయ్యండి, అది జారితే మళ్ళీ మొదటికొస్తుంది. నీళ్ళు ఆపారేం? పొయ్యండమ్మా, పొయ్యండి!"

"నేనేం చెయ్యను?" అంటూ నేలమీంచి ఇంకో గొంతు వినిపించింది. కిందపడ్డ నాలుబేగా ఫోను. సెమాండా ఇంకా లైన్లోనే ఉన్నాడు. "హలో! ఎవరైనా చెప్పండి! ఏమైంది?"

"నోరు మూసుకుని పరిగెత్తుకురా!" అంది నాలోంగో ఫోను వైపు వంగి.

సెమాండా చేతిలో బాడిసతోనే పరిగెత్తుకొచ్చాడు. ఆ మనిషినీ ఆ బాడిసనీ చూసి ఫోన్లో పిల్లలు కెవ్వుమన్నారు. నీళ్ళు మోయమని అతని చేతికి డబ్బా ఇచ్చారు. అరగంట పైగా పోశారు. తొట్టి అడుగంటింది. నాలుబేగా కేకలు మూలుగులయ్యాయి, మూలుగులు తిట్లయ్యాయి. తిట్లు మొదలయ్యాక నర్సు నవ్వి, "ఇప్పుడు పడవెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. దారిలో కూడా పోస్తూనే ఉండండి," అంది.

లుబ్వామా పడవ అంత వేగంగా పోవడం రేవు ఎన్నడూ చూడలేదు. నాంబోజే, సెమాండా నాలుబేగా వెంట వెళ్ళారు. కొట్లో నస్సూనా తడినేల మీదే కూచుంది. ఫోన్లో మాస్టారు ఇంకా ఉన్నాడు.

"నస్సూనా."

"మాస్టారూ."

"నీ గొంతు ఇలా ఉంటుందని ఇవాళే తెలిసింది. బావుంది. ఇకనుంచి మూసిపెట్టకు."

చీకటిపడుతుండగా పడవ తిరిగొచ్చింది. కన్ను ఎర్రగా ఉంది గానీ చూపుకేం కాలేదు. చుక్కలు వెయ్యమన్నారు. "డాక్టరు ఏమన్నాడో తెలుసా?" అన్నాడు లుబ్వామా దిగుతూనే, ఎవరూ అడక్కముందే. "వైద్యం రేవులోనే అయిపోయింది, నా దగ్గర చెయ్యడానికేం లేదన్నాడు. ఎవరు చేశారని అడిగితే నా కూతురని చెప్పా. ఫోన్లో చదువుతుందని చెప్పా." ఆ మాట ఆయన ఆ రాత్రి రేవులో ప్రతి గుమ్మం దగ్గరా చెప్పాడు. చెప్పినప్పుడల్లా పడవ ఇంకాస్త వేగంగా పోయింది.

నాంబోజే మాత్రం కొట్లో దీపం వెలిగించి కూచుంది. నస్సూనా పక్కన చేరింది.

"ఎంతమంది మంటంటే ఓర్చుకోమన్నానో," అంది అత్త.

"నీకు తెలీదు గదత్తా."

"నువ్వు గ్లాసులో చూపించావు. చూసి మూత పెట్టేశాను." ఒక నిట్టూర్పు విడిచింది. "రేపట్నుంచి రాసే ముందు ఏం చెయ్యాలో నువ్వు చెప్పు. నేను వింటా."

నుదుటి చుట్టూ వాజెలిన్ పట్టీ, కళ్ళమీద తువ్వాలు, కుర్చీ పక్కన నిండు బకెట్టు, చేతికి ఫోను లేదు. మర్నాటినుంచి నాంబోజే కొట్లో అదే చట్టం.

కానీ కంటిని కాపాడే హడావిడిలో నాలుబేగా జుట్టు సంగతి ఎవరూ సరిగా పట్టించుకోలేదు. పైపైన తుడిచిన క్రీము నెత్తిమీద ఉండిపోయింది. శుక్రవారం పొద్దున్న దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా చేతికొచ్చింది. ఇక గుండు చేసినంత పనిగా పొట్టిగా కత్తిరించడం తప్ప దారిలేదు. నాంబోజే ఏడుస్తూ కత్తిరించింది. నాలుబేగా అద్దంలో చూసుకుని మొదట ఏడ్చింది, తర్వాత తల అటూ ఇటూ తిప్పుకుని చూసింది.

"అత్తా, నేను బడిపిల్లలా లేనూ?"

అక్కడి బళ్ళలో ఆడపిల్లల జుట్టు అంత పొట్టిగానే ఉండాలి. నిజంగానే వేడుకల పొడుగు గౌను గోమెసి కట్టుకున్న బడిపిల్లలా ఉంది.

శనివారం రేవంతా పందిట్లో ఉంది. నస్సూనా పిల్ల తరఫువాళ్ళ చాప మీద కూచుంది. పెళ్ళికొడుకు తరఫున మాటకారి ఒకడు లేచి, మోకాళ్ళ మీద కూచున్న నాలుబేగాని చూసి గుండెమీద చెయ్యేసుకున్నాడు.

"అయ్యో పెద్దలారా, మేం పెళ్ళికూతురి కోసం వచ్చాం. మీరు బడికెళ్ళే పిల్లని చూపిస్తున్నారేం? మాస్టారు వచ్చి మమ్మల్ని కొట్టడు గదా?"

పందిరి నవ్వులతో ఊగింది. పిల్ల తరఫు మాటకారి తగ్గలేదు. "చూపించింది బడిపిల్లనే. పెళ్ళి చేసుకున్నాక కూడా చదివిస్తానంటేనే ఇస్తాం. ఏమంటావు అల్లుడూ?"

వాళ్ళు హాస్యానికన్నారు. సెమాండా మాత్రం లేచి నిలబడి, "చదివిస్తాను," అన్నాడు. నవ్వులు ఈసారి చప్పట్లై మోగాయి. తల దించుకుని ఉండాల్సిన పెళ్ళికూతురు తలెత్తి అతన్ని తేరిపార చూసింది.

సోమవారం తరగతిలో నస్సూనా మైకూ కెమెరా తెరిచి కూచుంది. అందరూ పెళ్ళికూతురి గురించి అడిగారు, చెప్పింది. తన యాసతోనే చెప్పింది. చెబుతుండగా ఒక సంగతి గమనించింది. ప్రశ్నలు అడుగుతున్నవాళ్ళలో సగంమంది మాట తన మాటలాగే ఉంది. వాళ్ళూ దీవులవాళ్ళే. ఇన్నాళ్ళూ వాళ్ళూ రాసి పంపడమే చేశారు, అందుకే తెలియలేదు.

బడి గదిలోంచే హాజరైన కిజ్జా చివర్లో గొంతు సవరించుకున్నాడు. "నువ్వు... అప్పుడు వెనక బెంచీలో ఉన్న చేపపిల్లవేనా?"

"నేనే. ఇప్పుడు మైకు తెరిచే ఉంది. ఇంకేమైనా అనాలంటే అను, ఇక్కడ నాలోంగో అత్త కూడా వింటోంది."

"ఎవడే వాడు? ఇటివ్వు ఫోను," అంది నాలోంగో గుమ్మంలోంచి.

కిజ్జా చప్పున తన మైకు ఆపేసుకున్నాడు. మాస్టారు దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

టర్ము చివర నస్సూనా పరీక్షలకి మసాకా వెళ్ళింది. ప్రయోగాల రోజున గాజు గొట్టంలోంచి ఆమ్లం బొట్టుబొట్టుగా వదులుతూ, రంగు మారే ఆఖరి బొట్టు దగ్గర కుళాయి మూసింది. వెనకనుంచి చూస్తున్న ముహుమూజా మాస్టారు మెచ్చుకోలుగా తల ఊపాడు. రసాయనశాస్త్రంలో ఆ యేడు తరగతిలో రెండో స్థానం ఆమెదే. మొదటిది ఇమ్మాక్యులేట్‌ది. ఇద్దరూ భోజనాల దగ్గర మొదటిసారి ఎదురెదురుగా కూచుని, ఒకరినొకరు ఎప్పట్నుంచో ఎరిగినట్టు ఒకే పళ్ళెంలో చిక్కుడుగింజల కూర పంచుకు తిన్నారు. హెడ్‌మిస్ట్రెస్ హాస్టల్లో మంచం ఖాళీగా ఉంది, రమ్మంది. నస్సూనా మాత్రం, "ఇంటినుంచే బావుంది టీచర్. నేను రోజూ అత్తకి పాఠం చెప్పాలి," అంది.

తిరిగొచ్చేసరికి జడల కొట్లో బల్ల పొడుగు పెరిగింది. సెమాండా పడవ చెక్కతో కొత్తది చేసిపెట్టాడు. దాని ముందు నాలుబేగా కూచుని ఉంది. పొద్దున చేపలు అమ్ముకుని, మధ్యాహ్నం సీనియర్ టూ పాఠాలు ఫోన్లో చూస్తోందట.

"ఏంటక్కా ఇది?" అంది నస్సూనా నవ్వు ఆపుకోలేక.

"తల ఎలాగూ బడికి పోయింది గదే," అంది నాలుబేగా. "మనిషి మాత్రం ఎందుకు ఆగాలి?"

కొత్త టర్ములో ఆమె మొదటి తరగతి ముహుమూజా మాస్టారిదే. నాంబోజే చేతిలో పని ఆపింది. ముసురు పట్టిన రోజు కావడంతో కొట్టు నిండా జనం, అందరూ ఫోను వైపు వంగారు. మాస్టారు కొత్త పేర్లు చదువుతూ ఒకచోట ఆగాడు.

"నాలుబేగా. ఈ పేరు నాకు తెలుసే. నీ కన్ను ఎలా ఉంది?"

"రెండూ బావున్నాయి మాస్టారూ," అంది నాలుబేగా, అవతలి గట్టుకి వినిపించేలా. "రెండూ మీ వైపే చూస్తున్నాయి. పాఠం మొదలెట్టండి."